ఎరువిచ్చిన పేరు

"ఈ పిల్లని కన్నది నువ్వేనా?"

జిల్లా కేంద్రంలో గుర్తింపు కార్డులిచ్చే కిటికీ దగ్గర, అద్దం వెనక కూచున్న అధికారిణి లొకాడియాని అడిగిన మాట ఇది. అడిగిన తీరులో ఎకసెక్కం లేదు, అనుమానమూ లేదు. పొద్దున్నుంచి ఆ వరుసలో వచ్చిన ప్రతి తల్లినీ అదే అడుగుతోంది. ముందున్నవాళ్ళంతా తలెత్తకుండా "ఆఁ" అనేసి పక్కకి జరిగిపోయారు. లొకాడియా మాత్రం కిటికీ గట్టు పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, కన్నావో లేదో గుర్తు తెచ్చుకోడానికి ఇంతసేపా? మాకు బస్సుంది తల్లీ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. వరుసంతా నవ్వింది.

పక్కన నిలబడ్డ పదహారేళ్ళ పిల్లని లొకాడియా కనలేదు. కాని ఆ పిల్ల చేతిలో ఉన్న జనన పత్రం లొకాడియా కన్న బిడ్డదే. ఆ బిడ్డ పోయి అప్పటికి పన్నెండేళ్ళు.

లొకాడియా అని రాస్తున్నాను గాని, ఆ పేరు చెప్పి అడిగితే మా బజారులో ఎవరూ ఇల్లు చూపించరు. రుసాపే పట్నం నుంచి తూర్పుగా పోయే దారిలో, బస్సు అయిదు నిమిషాలు ఆగే చిన్న బజారు మాది. మా వాళ్ళలో తొలి కాన్పుతోనే ఆడదాని సొంత పేరు అటకెక్కుతుంది. బిడ్డ పేరుకి ముందు మాయి అని చేర్చి పిలుస్తారు. మాయి అంటే అమ్మ. పెళ్ళయిన ఏడేళ్ళకి గాని లొకాడియా కడుపు పండలేదు. ఆ ఏడేళ్ళూ పెళ్ళిళ్ళలో, చావుల్లో, బోరింగు దగ్గర ఆమెని ఏమని పిలవాలో తెలియక జనం నీళ్ళు నమిలారు. 1999లో ఆడపిల్ల పుడితే షువాయి అని పెట్టుకుంది. కోరుకున్నది అని అర్థం. అప్పట్నుంచి ఆమె మాయి షువాయి. ఎవరైనా అట్లా పిలిస్తే మొదటిసారి వినపడనట్టు నటించేదని, రెండోసారి పిలిపించుకోడానికేనని బజారులో నవ్వుకునేవాళ్ళు.

ఆ సంబరం నాలుగేళ్ళు. 2003 చలికాలంలో తట్టు వచ్చి పిల్ల వారం తిరక్కుండా పోయింది. మొగుడి ఊళ్ళో, చీమల పుట్ట పక్కన పాతిపెట్టారు. నాలుగేళ్ళ పిల్ల చావుని రాయించడానికి రానుపోను ఛార్జీలు పెట్టుకుని జిల్లా కేంద్రానికి ఎవరు పోతారు? ఎవరూ పోలేదు. జనన పత్రం మాత్రం రేకు పెట్టె అడుగున, పిల్ల ఎర్ర స్వెట్టరు మడతలో ఉండిపోయింది. సర్కారు లెక్కలో షువాయి నెంగోమాష బతికే ఉంది.

ఆ తర్వాత జనం దయతలిచారు. ఆ పేరు ఎత్తితే గాయం రేగుతుందని మాయి షువాయి అనడం మానేశారు. మా ఊళ్ళో దయ ఎప్పుడూ చేతులూపుకుంటూ పోదు, ఏదో ఒకటి పట్టుకుపోతుంది. ఇంకో బిడ్డ పుట్టి ఉంటే ఆ బిడ్డ పేరొచ్చి కూచునేది. పుట్టలేదు. "ఇదిగో", "ఏమ్మా", "పేలాలావిడ" అయిపోయింది. బడి కంచె పక్కన నిప్పుల మీద ఇనప పీపా తిప్పి మొక్కజొన్న పేలాలు చేసి అమ్మేది. ఆవిరి బిగిసిన పీపా మూత తీస్తే ఢామ్మని తుపాకీ పేలినట్టుండేది. మొగుడు హరారేలో కాపలా ఉద్యోగం. నెలాఖరుకి వచ్చి, రెండు రోజులు నిద్రపోయి, వెళ్ళేవాడు.

2011 ఫిబ్రవరిలో ఆడపడుచు ఎస్నాత్ వచ్చింది. మొగుడికి అక్క. మా వాళ్ళలో ఆడపడుచు పుట్టింటికొస్తే ఆడ మొగుడొచ్చినట్టే. చంకలో పచ్చి వేరుశనగల మూట. ఎస్నాత్ చేత్తో ఏదైనా తెచ్చిందంటే అంతకు పదింతలు అడగబోతోందని లొకాడియాకి అనుభవం.

"ఏమే మరదలా, బుగ్గలొచ్చాయి? నా తమ్ముడి జీతమంతా వంటికి పట్టించినట్టున్నావు!"

"మీ తమ్ముడి జీతం తిని చీమ కూడా బలవదు వదినా. కూచోండి."

కూచుంది. మంచినీళ్ళు తాగింది. వానలని తిట్టింది, ఎరువుల ధరని తిట్టింది. అప్పుడు బయటపడింది. ఎస్నాత్ కూతురు నెత్సాయికి ఆ ఏడు ఏడో తరగతి పరీక్ష. పరీక్షకి పేరు కట్టాలంటే జనన పత్రం చూపించాలి. గడువు శుక్రవారం. పత్రం లేదు.

"ఇన్నేళ్ళయినా రాయించలేదా?"

"ఎవరి పేరున రాయిస్తానే? ఆ మగాడు జోహన్నెస్‌బర్గ్ బస్సెక్కి పదకొండేళ్ళు. వస్తాడు, నన్ను చేసుకున్నందుకు మా నాన్నకి ఓలి ఇస్తాడు, అప్పుడు రాయిద్దామని ఆగాను."

"మీ పుట్టింటి పేరున రాయించొచ్చుగా."

"సింహం పిల్లని తీసుకుపోయి కోతుల గుంపులో రాయించనా?"

"ఆ కోతులది మీ పుట్టిల్లే కదా వదినా."

"అందుకే తెలుసు ఆ కోతుల సంగతి!"

మాలో ప్రతి వంశానికీ ఒక జంతువు. ఎస్నాత్ పుట్టింటి నెంగోమాషలది కోతి, ఆ మగాడి వాళ్ళది సింహం. బిడ్డది తండ్రి వంశమే. తల్లి వంశంలో రాయిస్తే ఈ పిల్లకి తండ్రి లేడని చాటింపు వేసినట్టు. ఆ మాట పడటం ఇష్టం లేక, ఒక్క పూటలో రెండు సాక్షి సంతకాలతో అయిపోయే పనిని ఎస్నాత్ పదకొండేళ్ళు వాయిదా వేసింది. పిల్లకి మాత్రం నెత్సాయి అని పెట్టింది, సతాయించండి అని అర్థం. మా వాళ్ళు పోట్లాటలు కూడా పిల్లల పేర్లతోనే ఆడతారు. సింహాల మీదకి విసిరిన రాయి అది. తగలాల్సినవాళ్ళు ఊళ్ళోనే లేరు.

"నీ దగ్గర ఒకటుందిగా. ఊరికే పెట్టెలో పడుంది" అంది ఎస్నాత్, ఈసారి గొంతు తగ్గించి.

లొకాడియా పొయ్యి దగ్గరికి వెళ్ళి మొక్కజొన్న ముద్ద కలపడం మొదలుపెట్టింది. అప్పటికే కలిపిన ముద్దే.

"ఒక్క ఏడాదికే. ఈడు కూడా సరిపోయింది. పరీక్ష అవగానే పెట్టిన మడత పెట్టినట్టే తెచ్చిస్తా. మా బళ్ళో దాన్ని అందరూ ఎరుగుదురు, ఇక్కడి బళ్ళో వేద్దాం. నీ దగ్గరే ఉంటుంది. నీకూ ఇంట్లో ఓ పిల్ల తిరుగుతున్నట్టుంటుంది."

"బళ్ళో దాన్ని ఏమని పిలుస్తారు?"

"కాగితంలో ఏముంటే అదే."

"రోజూనా?"

"హాజరు రోజూ వేస్తారు కదే! ఏం పిచ్చి ప్రశ్నలు?"

హరారేకి ఫోన్ చేస్తే మొగుడు "అక్క నోరు తెరిచి అడిగాక మళ్ళీ నన్నడుగుతావేం" అన్నాడు. లొకాడియా పెట్టె తెరిచి స్వెట్టరు మడత విప్పింది.

ఆమె పెద్ద మనసు గురించి మా ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎండిన చెట్టు తన నీడ కూడా దానమిచ్చిందని ఒకావిడ పోలిక కూడా కట్టింది. ఎండిన చెట్టుకి నీడేమిటో నాకు తెలీదు. లొకాడియా మాత్రం ఈ పొగడ్త ఒప్పుకోలేదు. "దాని చదువు కోసం ఇచ్చానంటే అబద్ధం. ఆ పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తే వినాలనిపించింది, అందుకిచ్చాను" అనేది.

విన్నది కూడా. పొద్దున్నే బడి మైదానంలో పిల్లల్ని వరుసల్లో నిలబెట్టి పేర్లు చదివేవాళ్ళు. కంచె ఇవతల లొకాడియా పీపా తిప్పుతూ ఉండేది. ఏడో తరగతి హాజరు మొదలవగానే ఆమె చెయ్యి నెమ్మదించేది. మూత తీస్తే వచ్చే చప్పుడులో పేరు మునిగిపోతుందని, పీపా బిగిసి కుతకుతలాడుతున్నా తీసేది కాదు. "షువాయి నెంగోమాష!" అని పంతులు అరిచేవాడు. "ఉన్నానండీ!" అని ఒక గొంతు. అప్పుడు ఢామ్మని మూత తీసేది. అప్పటికి అడుగు మాడిపోయేది.

"ఆంటీ, ఇవాళా మాడాయి!" అని పిల్లలు గోల.

"మాడినవి పళ్ళకి గట్టి. తినండి."

ఆ ఏడాది పొడుగునా మా బజారు మాడిన పేలాలే తింది.

ఇంట్లో ఆ పిల్ల అత్తా అని పిలిచేది. బిడియస్తురాలు, పని మనిషి. రాత్రి కిరసనాయిలు దీపం కింద లెక్కలు చేసుకుంటూ అంకెలు గొణుక్కునేది. ఎవరైనా వెనకనుంచి "నెత్సాయీ" అంటే పలక్కూడదని లొకాడియా నేర్పింది, పరీక్ష పెట్టింది, పలికితే నెత్తిన మొట్టింది. రెండు నెలల్లో ఆ పిల్ల సొంత పేరుకి తిరగడం మానేసింది. ఇంట్లో షువాయి తిరుగుతుంటే ఇరుగుపొరుగు నోళ్ళు కూడా వదులయ్యాయి. బోరింగు దగ్గర మొదట ఎవరన్నారో గాని, "మాయి షువాయీ, బిందె జరుపమ్మా" అన్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత. ఆమె వినపడనట్టు నిలబడి, రెండోసారి పిలిపించుకుంది.

పిల్ల బడికంతా మొదటి స్థానంలో నెగ్గింది. ఫలితాలొచ్చిన వారం బడిలో చిన్న సభ పెట్టారు. ఎస్నాత్ కొత్త గౌను, తలకి జతైన గుడ్డ కట్టుకుని మొదటి బస్సులో దిగింది. లొకాడియా పేలాల బుట్ట నెత్తిన పెట్టుకుని గుంపు చివర నిలబడింది. హెడ్మాస్టరు కొత్తగా వచ్చినవాడు, ఎవరి సంగతీ ఎరగడు. మైకు తట్టి, "మన షువాయిని ఇంతదాన్ని చేసిన మాయి షువాయి ముందుకు రావాలి" అన్నాడు.

లొకాడియా ఒక అడుగు వేసింది.

ఒక్క అడుగే. అప్పటికే ఎస్నాత్ సంబరంగా కేకలేస్తూ, నవ్వుతూ, ఈల వేస్తూ వేదికెక్కేసింది. పిల్లని ఎత్తి గిరగిరా తిప్పింది. జనం చప్పట్లు. లొకాడియా ముందుకేసిన కాలు వెనక్కి తీసుకుని, పక్కనున్న పిల్లాడితో, "ఏం చూస్తావు? పొట్లం కావాలా?" అంది.

అందులో ఎస్నాత్ తప్పుందని నేననుకోను. ఆవిడ కూతురు నెగ్గింది, ఆవిడ వెళ్ళింది. తప్పల్లా, కాగితం ఎరువిచ్చామని అందరూ అనుకోవడంలో ఉంది. చాట ఎరువిస్తే చాట తిరిగొస్తుంది. కాగితమూ తిరిగొచ్చింది. చెప్పిన రోజున, చెప్పిన మడతలో, పైన రెండు కిలోల చక్కెరతో సహా. ముద్ర కొట్టించిన నకళ్ళు నాలుగు ఎస్నాత్ దాచుకుంది. హైస్కూలుకి ఆ పేరే కావాలి, దాని తర్వాత పరీక్షకీ ఆ పేరే. పిల్లని తనతో తీసుకుపోయింది. అక్కడి బడిలో, చర్చిలో, బస్సుల్లో ఎస్నాతే మాయి షువాయి అయింది. తమాషా ఏమిటంటే, ఏ కోతి వంశపు పేరు వద్దని పదకొండేళ్ళు ఆగిందో చివరికి పిల్లకి ఆ పేరే అంటింది. తేడా ఒక్కటే: కాగితంలో తల్లి అన్న చోట ఎస్నాత్ లేదు.

అందుకే నాలుగేళ్ళ తర్వాత, పిల్లకి పదహారు నిండి గుర్తింపు కార్డు కావాల్సి వచ్చినప్పుడు, మళ్ళీ లొకాడియా దగ్గరికి రావాల్సొచ్చింది. కన్నవాళ్ళలో ఒకరు తమ కార్డుతో రావాలన్నారు. మొగుడికి సెలవు దొరకలేదు. అప్పుడే ఆ కిటికీ, ఆ ప్రశ్న.

లొకాడియాకి ఆ క్షణంలో అర్థమైందట. ఆ పీపా దగ్గర నిలబడి వినడం వేరు, ఇది వేరు. ఇప్పుడు ఆఁ అంటే షువాయి ఇక చావడానికి వీల్లేదు. కాదంటే పక్కన నిలబడ్డ పిల్లకి ఉన్న చదువూ పోతుంది, ఇద్దరు ఆడవాళ్ళు జైలుకీ పోవచ్చు. అధికారిణి చేతిలో పెన్ను గాల్లో ఆగింది.

"అమ్మా," అంది పిల్ల, "సంతకానికి నీ దగ్గర పెన్నుందా?"

ఒక పిల్ల నోట అమ్మా అన్న మాట ఆమె పన్నెండేళ్ళుగా వినలేదు. సంచిలో వెతికింది. దొరికింది. "ఉంది" అంది పిల్లతో. తర్వాత కిటికీలోకి తిరిగి, "నేనే కన్నాను" అంది.

"బతికున్న పిల్లలెంతమంది?"

"ఒక్కతే."

అధికారిణి రాసుకుంది. లొకాడియా సంతకం పెట్టింది. తిరుగు బస్సులో పిల్ల కాల్చిన కంకి కొని సగం విరిచి, "తిను అత్తా" అని చేతిలో పెట్టింది. బస్సెక్కగానే మళ్ళీ అత్తయిపోయింది. ఆ పిల్లని అనడానికేముంది? అవసరానికి ఒక మాట వాడింది, పెన్నులాగే. పెన్ను మాత్రం లొకాడియా ఎవరికీ ఇవ్వలేదు. సిరా ఎండిపోయినా సంచిలో అట్లాగే ఉండేది.

2019లో ఆమె సమాధి రాయి చేయించాలనుకుంది. చీమల పుట్ట పెరిగి పెరిగి పిల్లని పాతిన గుర్తు మీదకి వచ్చేస్తోంది. రుసాపేలో రాళ్ళు చెక్కే గ్వాతిజో దగ్గర నల్లరాయి బేరం చేసింది. నూట ఇరవై డాలర్లు. ఎనభై ముందిచ్చింది, పదేళ్ళ పేలాల పొదుపు. చెక్కాల్సిన పేరు, రెండు సంవత్సరాలు పొట్లం కాగితం మీద రాసిచ్చింది.

మా వాళ్ళలో రాయి నిలబెట్టడం చాటుమాటు పని కాదు. ముసుగు తియ్యడానికి ఊరంతా రావాలి, ఎద్దు కొయ్యాలి, పాడాలి. కబురు మొగుడి ద్వారా ఎస్నాత్‌కి చేరింది. ఈసారి వేరుశనగలు తేలేదు.

"ఏమే, నా కూతుర్ని బతికుండగానే పాతిపెడతావా?"

"పాతిపెట్టింది నా కూతుర్ని వదినా. పదహారేళ్ళయింది."

"అది పంతులమ్మ చదువు చదువుతోందే! రేపు ఈ చుట్టుపక్కలే ఉద్యోగమిస్తారు. రాయి మీద షువాయి నెంగోమాష, పుట్టింది ఫలానా ఏడు, చచ్చింది ఫలానా ఏడు అని ఉంటే, ప్రతివాడి చేతిలో ఫోనే, ఎవడో ఫోటో తీస్తాడు. దాని బతుకేం కావాలి?"

"నా పిల్లకి ఒక రాయి కూడా వద్దా?"

"రాయి పెట్టుకోవే. ఎవరొద్దన్నారు? పేరే వద్దంటున్నా."

చెప్పాక తనే ఏడ్చింది ఎస్నాత్, గడపలో కూచుని, ముక్కు చీదుకుంటూ. "సింహాల కోసం ఆగకుండా ఉంటే" అంది. లొకాడియా ఆవిడకి టీ పెట్టి ఇచ్చింది. చక్కెర ఎక్కువే వేసింది.

మరుసటి ఆదివారం పిల్ల వచ్చింది, కాలేజీ స్వెట్టరుతో. కాసేపు పీపా తుడిచింది, కాసేపు వాకిలి ఊడ్చింది. ఆఖరికి అంది:

"అత్తా, నాదో పేరుంది కదా. ఎవరూ వాడటం లేదు. అది చెక్కించు."

"నెత్సాయి అనా? సమాధి మీద సతాయించండి అని రాస్తే దెయ్యాలు కూడా ఆ దారిన నడవ్వే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక పిల్ల పర్సులోంచి రెండు ఇరవై డాలర్ల నోట్లు తీసింది, రాయికి మిగిలిన డబ్బు. లొకాడియా వాటిని మడిచి మళ్ళీ ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.

"నువ్వు కొంటే అది నీ రాయవుతుంది. దాచుకో. బస్సు టైమైంది, పద."

బస్సు దగ్గర ఎవరో ఆ పిల్లని "షువాయీ!" అని పిలిచారు. చప్పున తిరిగింది. లొకాడియా కూడా తిరిగింది.

ఆ వారమే గ్వాతిజో దగ్గరికి వెళ్ళి పేరు చెక్కడం ఆపమంది.

"పేరు లేకుండా రాయేమిటమ్మా? దారి గుర్తుకా?" అన్నాడు. "అక్షరాలకి నేను విడిగా తీసుకోను, రాయికే ధర. చెక్కకపోయినా ఒక్క డాలరు తగ్గించను, ముందే చెబుతున్నా."

"తగ్గించమనలేదు. ఆపమన్నాను."

"ఎన్నాళ్ళు?"

ఆమె సంచి భుజాన వేసుకుని బస్సుకి బయల్దేరింది. రాయి ఇప్పటికీ అతని పెరట్లో జామ చెట్టు కింద నున్నగా ఉంది. అతను దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటాడు. పొట్లం కాగితం సొరుగులో ఉంది. పిల్లకి నిరుడు ఉద్యోగమొచ్చింది, మా బజారుకి నలభై కిలోమీటర్ల దూరంలో. పొద్దున్నే తనే పిల్లల పేర్లు చదువుతుంది. లొకాడియా పేలాలు ఇప్పుడు మాడటం లేదు.

గ్వాతిజోకి ఇంకా నలభై డాలర్లు ఇవ్వాలి.